కట్టిన చేతితోనే

డాక్టరు బేరిగై శ్రీరామప్ప పవిత్రను ఆదిలక్ష్మమ్మ మొదటిసారి చూసింది హోసూరులోని ఒక ఆసుపత్రిలో, తనకు ఊపిరి అందని ఒక మధ్యాహ్నం. ఉద్యోగ విరమణ చేసిన ఆ ఉపాధ్యాయిని, తన ఉబ్బసం ఎప్పుడు మొదలై ఎలా ముదిరిందో వరుసగా వివరించబోయింది.

“నిండు వాక్యాలు వద్దమ్మా. తల ఊపితే చాలు,” అంటూ పవిత్ర మందు పొగ వచ్చే మాస్కును ఆమె ముఖానికి తొడిగింది.

ఆదిలక్ష్మమ్మను ఎవరూ అలా మధ్యలో ఆపి ఎరుగరు. నొచ్చుకుంటూనే తల ఊపింది.

ఆయాసం తగ్గేలోపు సంగతులు తెలిశాయి. పవిత్ర ఆ ఆసుపత్రిలోనే అత్యవసర వైద్యంలో పీజీ శిక్షణ పొందుతోంది. మత్తిగిరిలో అద్దె గది.

“మా నాయనది ఒకటే పాటమ్మా. ‘కంటి డాక్టరు అయ్యింటే దీపాలు పెట్టే పొద్దుకు ఇంటికొచ్చేదానివి కదే’ అని,” అంటూ పవిత్ర నవ్వించింది.

“ఇంటి సంగతి అట్లుండనీ, అన్నం ఎప్పుడు తింటుందో అడగండమ్మా. డబ్బా ఇంకా తెరవనే లేదు,” అంది నర్సు వినుత.

అప్పుడే ఒక మనిషిని మోసుకొచ్చారు. అంచెట్టి దగ్గర ఆవులు మేపే మాదేశ్. కాలి మడమ మీద నాగుపాము కాటు. రెప్పలు వాలిపోతున్నాయి. భార్య మారియమ్మ కొంగు చించి పిక్కకు కట్టిన కట్టు బిగిసి, పాదం నల్లబడింది. వినుత కత్తెర తీసింది. మారియమ్మ రెండు చేతులతో ముడిని కప్పేసింది.

“ముట్టద్దు! మా తట్టు ఆచారం, కట్టిన చెయ్యే విప్పాల. ఇంకో చెయ్యి పడితే విషం నెత్తికెక్కుతుంది!”

పెద్ద డాక్టరు కృష్ణగిరికి వెళ్లారు. నిర్ణయం పవిత్రదే. ఆలస్యమైతే కాలు దక్కదు. తొందరపడితే మనిషే దక్కడు. పక్క మంచం మీది ఆదిలక్ష్మమ్మ అయితే మారియమ్మను కసిరి ఉండేది.

పవిత్ర మారియమ్మ ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది.

“నువ్వే విప్పుదువులేమ్మా. ఒక్కసారిగా వదిలితే ఆగిన విషం పైకి పోతుంది, అది నిజమే. ముందు మందు ఎక్కనీ. నేను చెప్పినప్పుడు, చెప్పినంతే వదలు.”

విరుగుడు మందు సెలైనుతో పాటు ఎక్కసాగింది. పవిత్ర చెప్పగానే మారియమ్మ ముడిని కొద్దిగా సడలించింది. మరికొంత. ఉన్నట్టుండి మాదేశ్ ఎద కదలడం మానేసింది.

“ఆగు! అట్లే పట్టుకో!”

ఇందాక తండ్రి మాటలు చెప్పి నవ్వించిన పిల్లేనా ఈమె? మాదేశ్ నాలుకను పక్కకు నెట్టి, రెప్పవేయకుండా చూస్తూ, గొంతులోకి గొట్టం దించింది. దానికి తగిలించిన సంచిని నొక్కగానే అతని ఎద పైకి లేచింది. ఆదిలక్ష్మమ్మ చేతులు వాటంతట అవే జోడయ్యాయి. ఊపిరి అన్న మాటను ఆమె ఎన్ని తరగతుల చేత రాయించిందో! అది ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి రొమ్ములోకి వెళ్లగా చూడడం మాత్రం ఇదే మొదలు.

“ఇప్పుడు వదలు మారియమ్మా. మెల్లగా.”

ముడి పూర్తిగా విడింది. మారియమ్మ ఆ గుడ్డపీలికను గుప్పిట్లో పట్టుకొని నేల మీదనే కూలబడింది.

సాయంత్రానికి పాదానికి రంగు తిరిగింది. పిలిస్తే మాదేశ్ వేళ్లు కదిలించాడు. ఇంటికి బయలుదేరిన ఆదిలక్ష్మమ్మ, మనసులో చక్కగా కూర్చుకున్న దీవెన ఒకటి పవిత్రకు చెప్పాలని అతని మంచం దగ్గరికి వచ్చింది. పవిత్ర చూపు అతని ఎద మీద నుంచి మరలలేదు.

“అమ్మా, మారియమ్మ పొద్దున నుంచి ఏమీ తినలేదు. నా డబ్బా ఆడ బల్ల మీద ఉంది. కొంచెం దగ్గరుండి తినిపిస్తారా?”