సెలవు లిస్టుకెక్కని మేస్త్రీ

1993. మస్కట్‌లోని రూవిలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసు. కంప్యూటర్ సెక్షన్ అంటే నేనూ, రెండు మిషన్లూ, ఒక ప్రింటరూ. కూలీల వివరాలు అప్పుడే రిజిస్టర్ల నుంచి డేటాబేస్‌కు ఎక్కించాం. ఏ టేబుల్‌లో ఏ గడులుండాలి, ఏ గడిలో పేరు, ఏ గడిలో తేదీ అని చెప్పే అమరికను స్కీమా అంటారు. ఆ స్కీమాను చదివి, కావలసిన ప్రోగ్రాములను తనంతట తానే రాసిపెట్టే జనరేటర్ ఒకటి తయారుచేశాను. వారాల పని నిమిషాల్లో అయ్యేది. నా కాళ్లు నేలమీద ఆనేవి కావు.

ఒక్క చోట చిక్కొచ్చింది. డేటాబేస్‌లో గడి ఖాళీగా ఉండొచ్చు, దాన్ని నల్ అంటారు. నా ప్రోగ్రాముల్లో మాత్రం తేదీ గడిలో ఏదో ఒక తేదీ ఉండి తీరాలి. బుర్ర బద్దలుకొట్టుకునే ఓపిక లేక, ఖాళీ కనిపిస్తే ప్రోగ్రాం నడిచే రోజు తేదీ వేసుకొమ్మని జనరేటర్‌లో రాసేశాను. స్క్రీన్లు చక్కగా నడిచాయి. ఆ సంగతే మర్చిపోయాను.

మా కంపెనీలో రెండేళ్లకోసారి ఊరికి సెలవు. కిందటి సెలవు తేదీకి రెండేళ్లు కలిపి, వంతు వచ్చినవాళ్ల లిస్టు నెలనెలా నా ప్రోగ్రామే తీసేది. లిస్టులో పేరుంటేనే మేనేజర్ తన దగ్గర దాచి ఉంచిన పాస్‌పోర్ట్ చేతికిచ్చేవాడు.

మరుసటి ఏడు ఘుబ్రా సైట్ నుంచి రాజయ్య అనే మేస్త్రీ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. భార్యకు ఒంట్లో బాగాలేదనీ, ఆస్పత్రికి తీసుకెళ్లే దిక్కు లేదనీ, తన సెలవెప్పుడో చూడమనీ అడిగాడు. లిస్టు తిరగేశాను. పేరు లేదు.

“ఈమధ్యే వెళ్లొచ్చి ఉంటావు రాజయ్యా. కంప్యూటర్ తప్పు చెప్పదు,” అన్నాను.

“వచ్చి మూడేండ్లాయె సార్. ఒక్కపారి గూడ పోలె.”

సెలవు కోసం అందరూ చెప్పే మాటే అనుకున్నాను. రికార్డు తెరవడానికి నిమిషం పట్టేది. తెరవలేదు. ఆయన సైటుకు వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత వేరే పనిమీద ఆయన రికార్డు తెరిచాను. కిందటి సెలవు దగ్గర నేను రికార్డు తెరిచిన ఆ రోజు తేదీయే ఉంది. ఒక్కసారీ ఊరికి వెళ్లనివాళ్లందరికీ ఆ గడి ఖాళీ. లిస్టు తీసిన ప్రతిసారీ వాళ్లు ఆ రోజే సెలవు నుంచి దిగినట్టు లెక్క. ఎన్నేళ్లు గడిచినా వాళ్ల వంతు ఇంకా రెండేళ్ల దూరంలోనే. అలాంటివాళ్లు పదకొండు మంది. కూలీల బసను అజమాయిషీ చేసే క్యాంప్ బాసుకు భయపడి మిగతావాళ్లెవరూ అడగలేదు. అడిగిన ఒక్కణ్ణీ నేనే వెనక్కి పంపేశాను.

ఆ పూటే, గడి ఖాళీగా ఉంటే పనిలో చేరిన తేదీ నుంచి లెక్కకట్టేలా సరిచేసి, కొత్త లిస్టు పట్టుకుని సైటుకు పరుగెత్తాను. రాజయ్య గోడకు సిమెంటు పూస్తున్నాడు. అతని భార్య పోయి తొమ్మిది రోజులైందని పక్కనున్నతను చెప్పాడు. తప్పు నాదేనని రాజయ్యతో చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన కాగితం తీసుకుని తన పేరు చూసుకున్నాడు.

“అప్పుడు పంపితె దవఖానకు తీస్కపోతుంటి సార్. ఇప్పుడు ఎవల కోసం పోవాలె?”

కాగితం నా చేతికే తిరిగిచ్చి, మళ్లీ గోడ వైపు తిరిగాడు.

తర్వాత ఇంకెన్నో జనరేటర్లు రాశాను. తెలియనిచోట తెలియదనే రాయించాను, దానివల్ల పని ఆగితే ఆగనిచ్చాను. ఎదుట నిలబడి మనిషి చెబుతున్నప్పుడు కాగితం పక్కన పెట్టి వినడం కూడా నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేను. పోయింది ఆమె.