ముప్పై ఒకటో వార్డు జనం

ఆయన్ను ఆఫీసులో అందరూ గడపల బాబాయ్ అంటారు. పట్టణంలో ఆయన ఎక్కని గడప లేదు మరి. చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి. అయినా నిద్రలో లేపి అడిగినా పందొమ్మిదో ఎక్కం తడుముకోకుండా అప్పజెబుతాడు. జనాన్ని లెక్కపెట్టే పనిలో ముప్పై నాలుగేళ్లు. రెండుసార్లు కుక్క కరిచింది, ఒకసారి మోకాలిలోతు వరదలో నడిచాడు, ఒక్క ఇల్లూ వదల్లేదు. ఆయన వేసిన మొత్తంలో తప్పు పట్టిన ఆఫీసరు ఇంకా పుట్టలేదు. ఇదేదో గొప్పకు చెప్పే మాట కాదు, ప్రశంసాపత్రం గోడమీదే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం కంప్యూటరు ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

తెరమీద పట్టణం పటం. ఆయన పట్టికలోని అంకెల్ని ఆ పటంలోని వార్డుల హద్దులతో కలిపితే, జనం ఎక్కువున్నచోట ముదురు నీలం, తక్కువున్నచోట లేత నీలం పడుతుందని పటాలు చేసే అమ్మాయి చెప్పింది. పడింది కూడా. ముప్పై ఒకటో వార్డు మాత్రం కొత్తగా సున్నం కొట్టిన గోడలా తెల్లగా మిగిలింది.

"అక్కడెవరూ లేరా బాబాయ్?"

"ఎందుకు లేరమ్మా! అక్కడి ప్రెస్సు సందులోనే రెండొందల గడపలు ఎక్కాను. నా మోకాళ్లనడుగు."

"నాలుగింటికి ఇది ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లాలి. కొత్త ఆసుపత్రి ఎక్కడ పెట్టాలో దీన్ని చూసే తేలుస్తారు. తెల్లగా ఉన్నచోట ఎవరు పెడతారు?"

బాబాయ్ కళ్లజోడు తుడుచుకుని పట్టిక మూడుసార్లు కూడాడు. మూడుసార్లూ మొత్తం సరిపోయింది. ఒక్క మనిషీ తప్పిపోలేదు. మరి ఇంతమందీ ఏ మూల దాక్కున్నట్టు?

అమ్మాయి వరసలు లెక్కపెట్టింది. "మీ పట్టికలో ముప్పై వరసలే ఉన్నాయి, పటంలో ముప్పై ఒక్క వార్డులు. ఇది వార్డు నంబరు చూసి రెంటినీ కలుపుతుంది బాబాయ్. ముప్పై ఒకటికి మీ దగ్గర వరసే లేదు. రెండేళ్ల కిందట పన్నెండో వార్డును రెండు చేశారుగా? మీరు అందర్నీ పాత పన్నెండులోనే వేసేశారు."

"వాళ్లు ఇల్లు మారలేదు, వీధి మారలేదు. వార్డెలా మారుతుందే?"

"గీత మారింది బాబాయ్."

ఆ సంగతి చెప్పే కాయితం అప్పట్లోనే వచ్చింది. చూసినట్టు ఆయన సంతకమూ ఉంది. ఈ అమ్మాయి పుట్టకముందునుంచీ తాను తిరుగుతున్న వార్డు గురించి తనకొకరు చెప్పేదేమిటని చదవలేదంతే.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. కొత్త గీత ప్రెస్సు సందు నడిమధ్యగా పోతోంది. బాబాయ్‌ది కుడివైపు ఒక ఇల్లు, ఎడమవైపు ఒక ఇల్లు రాసుకుంటూ పోయే పద్ధతి. రెండోసారి సందు తిరగనక్కర్లేదని ఆయనే కనిపెట్టాడు, దానికీ మెచ్చుకున్నారు. ఇప్పుడు పుస్తకంలో రెండు వార్డులూ జడలా అల్లుకుపోయి ఉన్నాయి. ఆయన కళ్లు మూసుకుని సందులో మళ్లీ నడిచాడు. "కుంటి గేటు, కుడి. కవల పిల్లలు, ఎడమ..." అమ్మాయి గుర్తులు పెట్టింది.

మూలమీది దర్జీ ఇల్లొక్కటే తేలలేదు. గీత ఆ ఇంటి మీదుగానే మలుపు తిరిగింది, దానికి ఇటో తలుపు, అటో తలుపు. బాబాయ్ చెప్పులేసుకుని స్వయంగా వెళ్లాడు.

"ఇటు రాస్తే ఏంటి, అటు రాస్తే ఏంటి? కరెంటు రెండువైపులా పోతుంది!" అంది దర్జీ భార్య.

"నీ పొయ్యి ఎటుందో చూపించు తల్లీ." పొయ్యి ఎటుంటే ఇల్లు అటు, అది ఆయన సొంత సూత్రం. పొయ్యి కొత్త వార్డువైపుంది.

నాలుగింటికి పది నిమిషాలుండగా అమ్మాయి సవరణ కాయితం ముందుపెట్టింది. అందులో పొరపాటు చేసినవారి సంతకానికి ఒక గడి.

"ఒక్క మనిషినీ వదలకపోతే పొరపాటెలా అవుతుంది?"

"వార్డును రెండు చేసిన కాయితం చదవకపోవడం..."

బాబాయ్ ఆ గడివంక చూశాడు. ముప్పై నాలుగేళ్లలో ఇలాంటి చోట సంతకం చేసి ఎరగడు. ప్రెస్సు సందు, ఆ ఆసుపత్రి సంగతి గుర్తొచ్చాయి. చేశాడు. అమ్మాయి మీట నొక్కగానే తెల్లటి వార్డు నీలంగా మారింది.

"ఇప్పుడు అక్కడ జనం ఉన్నారు బాబాయ్!"

ఆయన తెరమీదికి వంగి, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చూశాడు. ఎంత చూసినా సంగతి అంతు చిక్కలేదు.

"పొద్దున కూడా ఉన్నారే అమ్మా," అన్నాడు.