ఎడమ తలుపు అద్దం

మా మామ పోయిన సంగతి మా అత్తే ఫోన్ చేసి చెప్పింది. పొద్దున్నే నంద్యాలలో నా విత్తనాల అంగడి తలుపులు తీస్తున్నాను. ఆమె గొంతులో ఏడుపు లేదు. "మీ మామ నిద్దట్లోనే పోయినాడప్పా. నా బిడ్డను పిల్చుకోని బేగా రా" అంది. కాస్త ఆగి, "ఎల్లుండి నాకు డయాలసిస్ ఉంది, అదొకటి చూడల్ల" అంది. వినేవాళ్ళకు ఆ రెండో మాట కటువుగా తోచవచ్చు. కొన్నేళ్ళుగా ఆ ఇంటి బతుకంతా ఆ రెండో మాట చుట్టూనే తిరుగుతోంది గనక నాకు అలా అనిపించలేదు.

మామ ఆళ్ళగడ్డలో రాతి శిల్పి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో దేవుళ్ళను చెక్కాడు, నాయకులను చెక్కాడు, గిరాకీ లేనప్పుడు రోళ్ళు కూడా చెక్కాడు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ మంచివాళ్ళే అయిపోతారు. మామ మంచివాడా కాదా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. మొండివాడని మాత్రం పెళ్ళయిన కొత్తలోనే తేల్చుకున్నాను.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. అన్నానికి కూర్చుంటే కడిగిన కంచాన్ని కూడా ఒకసారి ఉఫ్ మని ఊదేవాడు. కొత్త వస్తువు ఏది కనబడినా బొటనవేలితో అంచు తడిమేవాడు. మేం కొత్తగా కట్టుకున్న ఇంటి స్తంభాన్ని తడిమి, "ఇంకొంచెం తీయల్ల" అన్నాడు. ఆయనకు నచ్చని దేనికైనా అదే తీర్పు. నా మీసం చూసి కూడా, "అల్లుడా, అది కొంచెం తీస్తే నీ మొగం బయటపడ్తాది" అని నలుగురిలో అన్నాడు. నేను తీయలేదు. ఆ మాటకొస్తే మొండితనంలో మేమిద్దరం పెద్ద దూరపువాళ్ళం కాము.

ఆయన దగ్గర ఒక పాత తెల్ల అంబాసిడర్ ఉంది. దాన్ని ఇంకా ఎందుకు ఉంచుకున్నాడని అడిగేవాళ్ళకు ఆయన జవాబు చెప్పేవాడు కాదు. జవాబు మా అత్త. ఆమెకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు నంద్యాల ఆసుపత్రికి రావాలి. ఏసీ కారులో తలుపులు బిగిస్తే ఆమెకు కడుపులో తిప్పుతుంది, బస్సు ఎక్కితే సిరివెళ్ళ రాకముందే వాంతి అవుతుంది. అంబాసిడర్ ముందు సీట్లో కూర్చుని అద్దం పూర్తిగా దించుకుంటే మాత్రం గాలికి ముఖం పెట్టి నెమ్మదిగా వచ్చేస్తుంది. తిరుగు ప్రయాణం వేరు. రక్తం శుద్ధి చేశాక ఆమెకు చలి పుడుతుంది, పళ్ళు టకటకలాడతాయి. అప్పుడు అద్దం పైదాకా ఎక్కించాలి. అంటే ఎడమ తలుపు అద్దం పోయేటప్పుడు దిగాలి, వచ్చేటప్పుడు ఎక్కాలి. ఆమె బతుకు దాని మీద నడుస్తోందంటే అందులో అతిశయోక్తి లేదు.

ఈ వానలు మొదలైన రోజుల్లో ఆ అద్దం పగిలింది. షెడ్డు పక్కనే కారు నిలిపి మామ ఒక నంది వీపు మీద పని చేస్తున్నాడు. ఉలి కింద నుంచి లేచిన రాతి పెచ్చు నేరుగా పోయి దానికి తగిలింది. ఆ వారం ఒకసారి అద్దం లేకుండానే నంద్యాలకు వచ్చారు. తిరిగి పోయేటప్పుడు వాన పట్టుకుంది. ఇంటికి చేరేసరికి అత్త ముద్దగా తడిసి, రాత్రంతా వణికింది. "అద్దం వచ్చేదాకా నేను రాను. దావలో సచ్చేదానికంటే ఇంట్లో సచ్చేది మేలు" అని పడుకుంది. ఆ తర్వాతి దఫా నిజంగానే రాలేదు. ముఖం ఉబ్బింది, కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఇంకో దఫా తప్పితే చెప్పలేమన్నారు డాక్టర్లు.

నేను నంద్యాలలో వెతకని చోటు లేదు. చివరికి పాణ్యం పోయే రోడ్డులో పాత కార్ల సామాన్లు అమ్మే ఒక భాయ్ దగ్గర సరైన అద్దం ఒకటి దొరికింది. దాంతోపాటు అద్దం జారే కొత్త రబ్బరు పట్టీ కూడా ఇచ్చాడు. రెండూ దుప్పట్లో చుట్టుకుని ఆళ్ళగడ్డకు తీసుకెళ్ళాను. మెకానిక్‌ను పిలుద్దామంటే మామ నన్ను ఎగాదిగా చూశాడు. "తలుపే గదప్పా, గుడి గోపురమా" అన్నాడు.

ఆయన పని చూడటం నాకు ఇష్టమేనని ఇప్పుడు చెప్పడానికి అభ్యంతరం లేదు. మొండి ఉలితో తలుపు లోపలి రెగ్జిన్ అట్టను మేకు మేకు దగ్గర మెల్లగా లేపాడు. అద్దం తిప్పే పిడిని ఊడదీశాడు. ఊడిన స్క్రూలన్నీ సగం చెక్కిన రోట్లో వేశాడు. తలుపు అడుగున పడిన గాజు ముక్కల్ని చేత్తో తోడి, చివర్న ఉఫ్ మని ఊదాడు. కొత్త పట్టీ వేసి, అద్దాన్ని దించి, పిడి తిప్పాడు. అద్దం వెనక మూల దగ్గర కాస్త పట్టేసింది. పైకి పోదు.

ఆయన బొటనవేలితో ఆ మూల తడిమాడు. ఏమనబోతున్నాడో నాకు తెలిసిపోయింది. "కొంచెం తీయల్ల" అన్నాడు. జీవితమంతా ఎక్కువైంది తీసేయడమే పనిగా బతికిన మనిషి. అద్దాన్ని బయటికి తీసి, రాళ్ళు నున్న చేసే తిరుగుడు సాన దగ్గరికి తీసుకెళ్ళి, అంచు ఆనించాడు.

టప్ మంది. అంతే, ఆయన చేతుల్లో అద్దం లేదు. చొక్కా మీద, కాళ్ళ దగ్గర, రాతి పొడిలో, అంతా రాళ్ళ ఉప్పు పోసినట్టు గాజు. కారు తలుపుల అద్దాన్ని కాల్చి గట్టిపరుస్తారని, తర్వాత దాని అంచు ముట్టుకుంటే మొత్తం పొడి అవుతుందని మా ఇద్దరికీ తెలియదు. మొదటి అద్దాన్ని రాయి పగలగొట్టింది, రెండోదాన్ని రాతిపని పగలగొట్టింది. మామ ఖాళీ చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, "రాయి ముందే చెప్తాది అల్లుడా. యాడ ఇరుగుతాదో దాని సప్పుడే చెప్తాది. ఇదేమీ చెప్పల్యా" అన్నాడు.

భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన విని నిట్టూర్చాడు. "అద్దం సరిగ్గానే ఉండె సాబ్. కొత్త పట్టీ మూలలో కూర్చోకుంటే అద్దం ఎక్కువైనట్ల కనపడ్తాది. సబ్బు నీళ్ళు పూసి పట్టీని లోపలికి నొక్కల్ల. ఇంకో అద్దం నా దగ్గర ల్యా. హైదరాబాద్‌లో చేపిస్తారు, టైం పడ్తాది" అన్నాడు. చేయించమన్నాను. మామకు చెప్పాను. "అంటే తీయాల్సింది ఏమీ ల్యాకుండె" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి నేను విన్నది అదొక్కసారే. ఇంటి కిటికీ అద్దం కోయించి పెడదామన్నాను. పగిలితే కత్తుల్లా దిగుతుందని, ఆమె పక్కన అలాంటిది పెట్టనని తల అడ్డంగా ఊపాడు.

మర్నాడే ఆసుపత్రికి పోవాల్సిన రోజు. లోపల మంచం మీద అత్త ఆయాసం బయటికి వినిపిస్తోంది. మామ కారు చుట్టూ ఒకసారి తిరిగి, నడిపేటప్పుడు తను కూర్చునే కుడివైపు తలుపు దగ్గర ఆగాడు. అక్కడి అద్దాన్ని తడిమాడు. ఆ కారు అద్దాలు వంపు లేని పలక అద్దాలు. కుడిది తిప్పి పెడితే ఎడమది అవుతుంది. వెంటనే తన తలుపు విప్పడం మొదలుపెట్టాడు. ఈసారి పట్టీకి సబ్బు నీళ్ళు పూసి, మూలలో బొటనవేలితో నొక్కి నొక్కి కూర్చోబెట్టాడు. అద్దం మెత్తగా పైకి పోయింది.

అత్తను పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాం. ఆమె పిడి పట్టుకుని అద్దం దించింది, ఎక్కించింది, మళ్ళీ దించింది. అప్పుడు అద్దం లేని ఆ పక్క తలుపు చూసింది.

"నీ పక్క వాన పడదా?" అంది.

"పడ్తాది."

"మరేం చేస్తావ్?"

"ఏం చేస్తా. తడుస్తా" అన్నాడు మామ, రోట్లో మిగిలిన స్క్రూలు ఏరుకుంటూ.

ఆ తర్వాత ఆమె ఒక్క దఫా కూడా తప్పలేదు. వాన కురిసిన రోజుల్లో ఆయన చొక్కా కుడి చెయ్యి పూర్తిగా తడిసి, ఎడమ చెయ్యి పొడిగా ఉండేది. ఆసుపత్రి వసారాలో ఆ వేషంతోనే కూర్చునేవాడు. నేను టీ తీసుకెళ్తే గ్లాసు మీద ఉఫ్ మని ఊది తాగేవాడు. హైదరాబాద్ అద్దం ఇంకా రాలేదని నేను అనడం, వస్తుందిలే అని ఆయన అనడం. అద్దం రాలేదు. ఆయనే ముందు పోయాడు.

ఆయన పోయిన మూడో రోజు ఉదయం, అత్తను ఆసుపత్రికి తీసుకుపోదామని నేను కారు తాళం అడిగితే ఇంట్లో గొడవైంది. మామ చెల్లెలు గడపకు అడ్డంగా నిలబడింది. "దినాలు కాకముందే బయటికి పోతావా వదినా? ఊరంతా ఏమనుకుంటాది?" అంది.

అత్త గోడ పట్టుకుని లేచింది. "ఊరొచ్చి నా రక్తం కడుగుతాదా? నా కోసం మీయన్న ఆ తలుపులతో ఎంత గింజుకున్న్యాడో నువ్వు చూడల్యా. నేనీడ కూచోని సస్తే ఆయన చేసిందంతా వట్టిదే గదా" అంది. గట్టిగా కూడా అనలేదు. చెల్లెలు పక్కకు జరిగింది.

నేను నడిపాను. పోయేటప్పుడు ఆమె అద్దం దించుకుని కళ్ళు మూసుకుంది. సాయంత్రం తిరిగి వస్తుంటే సిరివెళ్ళ దాటాక వాన మొదలైంది. ఆమె తన పక్క అద్దం పైదాకా ఎక్కించింది. నా పక్క నుంచి జల్లు నేరుగా కొట్టింది. చొక్కా భుజం దగ్గర చల్లగా ఒంటికి అతుక్కుంది. మామ ఇన్నాళ్ళూ ఇలా కూర్చున్నాడని అప్పుడు నా ఒంటికి తెలిసింది. నాకు ఆయన మీద ఇంత ప్రేమ ఉందని నేననుకోలేదు.

అత్త రోడ్డు వైపే చూస్తోంది. అలా చూస్తూనే ఒళ్ళో ఉన్న తువ్వాలు తీసి, సీటు వెనక నుంచి చెయ్యి చాపి, తడుముకోకుండా సరిగ్గా నా కుడి భుజం మీద పరిచింది. పరిచాక అది ఎవరి భుజమో గుర్తొచ్చినట్టుంది. చెయ్యి ఒక్కసారి ఆగిపోయింది. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆళ్ళగడ్డ దాకా అలాగే పట్టుకుని కూర్చుంది.