బతీర్ పొట్టలోని గట్టి ఉండ

నరీన్ ఊరి పశువుల సంతలో కలిపాను అందరూ పేగుల కలిపా అనేవారు. ముప్ఫయ్యేళ్లుగా విందులకు కోసిన గొర్రెల పేగులు, పొట్టలు కడగడమే ఆమె పని. ఎవరి పెద్దరికానికి ఏ ముక్క వడ్డించాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆమె కంచంలోకి మాత్రం మిగిలిందే వచ్చేది. వంటపాకలో తినేవాళ్లకు పెద్దరికాలేమిటి!

మొగుడు పోయాక ఆమెకు తోడు బతీర్ అనే గండుపిల్లి ఒక్కటే. అది నిన్నటి నుంచీ మట్టిలో కూర్చుని ముక్కుతోంది, ఏమీ రావడం లేదు. మలబద్ధకమనుకుని, ఊరంతా ప్రతి రోగానికీ చేసేదే తనూ చేసింది. గొర్రె తోక కొవ్వు కరిగించి చెంచాడు తాగించింది. తెల్లారేసరికి పిల్లి తల వాల్చేసింది. కలిపా దాన్ని శాలువాలో చుట్టుకుని, సంతలోనే ఉండే పశువుల డాక్టరు జుమబెక్ దగ్గరికి పరుగెత్తింది.

"ఇక్కడ గుర్రాలు వరసలో నిలబడితే పిల్లిని తెచ్చావా ఎజే?" అన్నాడాయన తలెత్తకుండానే, పెద్దామెను అక్కా అని పిలిచినట్టు. "ఇంకో చెంచా కొవ్వు పొయ్యి, అదే దిగుతుంది."

కలిపా కదల్లేదు. పిల్లిని బల్ల మీద పెట్టి, పొట్ట కిందికి మెల్లగా చెయ్యి పోనిచ్చింది.

"ఇది పేగు కాదు తమ్ముడూ. పేగులో పెంటయితే వేళ్లకి గోళీల్లా వరసగా తగులుద్ది. ఇది ఒకటే ఉండ, రాయిలా ఉంది. ఉచ్చతిత్తి ఇది."

"పేగులు కడిగితే డాక్టరైపోతారా?" అని ఎవరో అంటే సంతంతా నవ్వింది.

"ముందు చెయ్యి పెట్టి చూడు, తర్వాత నవ్వుదువుగాని," అంది జుమబెక్‌తో.

ఆయన చెయ్యి పెట్టాడు. ముఖం మారిపోయింది.

"నొక్కకు ఎజే, పగులుద్ది. మూత్రాశయం నిండిపోయింది, మూత్రనాళం పూడుకుపోయింది." పిల్లి పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు. పాలిపోయి ఉన్నాయి.

"కంటి మూల నుంచి ఈ తెల్లపొర కూడా పొద్దున్నే పైకొచ్చింది," అంది కలిపా.

"దాన్ని మూడో రెప్ప అంటారు. ఒంట్లో బాగా లేకపోతే అలా వస్తుంది. సాయంత్రం దాకా ఆగి ఉంటే పిల్లి దక్కేది కాదు."

మత్తిచ్చి సన్నని గొట్టం ఎక్కించాడు. మొదట ఇసుకరేణువులు, వెనకే ఎర్రటి మూత్రం గిన్నెలోకి ధార కట్టింది. ఇందాక నవ్విన జనమే చప్పట్లు కొట్టారు. కలిపా భోరున ఏడ్చేసింది.

నాలుగు రోజులు మందులు పడ్డాక బతీర్ కంచం నాకేసింది. ఊళ్లో పిల్లులున్నవాళ్లు ముందు కలిపా గడప తొక్కడం మొదలుపెట్టారు. చిగుళ్లు, మూడో రెప్ప, మూత్రాశయం అంటూ ఆమె అందరికీ వేలుపెట్టి చూపించేది.

శరత్కాలంలో జుమబెక్ ఇంట్లో విందు. కలిపా అలవాటు ప్రకారం పేగుల తొట్టి దగ్గర చతికిలబడింది. జుమబెక్ వచ్చి ఆమె చేతిలోని చెంబు లాక్కున్నాడు. లోపలికి తీసుకెళ్లి, ముసలమ్మల మధ్య అందరికన్నా గౌరవమైన చోట కూర్చోబెట్టాడు. పెద్దరికమున్న ఆడదానికి మాత్రమే పెట్టే తోకమొదలు ముక్కను తన చేత్తో ఆమె ముందు పెట్టాడు.

"మరి పేగులెవరు కడుగుతారు?" అంది కలిపా.

"నేను," అని జుమబెక్ చొక్కా చేతులు పైకి మడిచాడు.