నెల్సన్ బండి ట్యాంకు

ఆ రోజు పొద్దున్న మా ఆయన ఇంట్లో చేసిన చివరి పని, ఒక తెల్ల తువ్వాలు తెచ్చి నా ముక్కు ముందు పట్టుకోవడం.

"చూడు దుర్గా, ఏమైనా వాసనొస్తోందా?"

నేను వరండాలో పుస్తకం చదువుకుంటున్నాను. ఇంకో రెండు పేజీల్లో అధ్యాయం అయిపోతుంది. తలెత్తకుండానే "రావట్లేదండీ" అన్నాను.

"సరిగ్గా చూశావా?"

"చూశానండీ బాబూ. పొద్దున్నే నాకీ పెట్రోలు గోలేంటి?"

ఆయన నవ్వి, తువ్వాలు మళ్ళీ వరండా మూలనున్న బండి పెట్రోలు ట్యాంకు మీద కప్పి షాపుకి వెళ్ళిపోయారు. పదకొండు గంటలకి షాపు పక్క టీ కొట్టతను ఫోన్ చేశాడు. స్టూలు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారట.

ఆయన పేరు బంగార్రాజు. పెంటపాడులో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, ఏలూరొచ్చి మోటారు సైకిళ్ళు బాగుచేసుకుంటూ ముప్పై ఏళ్ళు బతికారు. ఊళ్ళో మెకానిక్కులు చాలామందే ఉన్నారు గాని, ప్లాస్టిక్ ట్యాంకు అనేసరికి అందరూ ఆయన దగ్గరికే పంపేవారు.

మామూలుగా బళ్ళకి ఇనప ట్యాంకులే ఉంటాయి. కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మీద తిరిగే బళ్ళకి మాత్రం ఆ చెమ్మకి అడుగు తుప్పు పట్టిపోతుంది. అందుకని కొందరు ప్లాస్టిక్‌ది బిగించుకుంటారు. దానికి తుప్పు పట్టదు, కానీ జబ్బులన్నీ లోపలే. పైకి నున్నగా మెరుస్తూ ఉంటుంది. లోపల ఎక్కడో గోడ పల్చబడి ఉంటుంది, లేదా పోతలో బుడగ ఉండిపోతుంది. పెట్రోలు పైపు బిగించే ఇత్తడి మర చుట్టూ వెంట్రుకంత బీట ఉన్నా ఉంటుంది.

ట్యాంకు ఇంటికొచ్చిందంటే ముందు వంటింట్లోకి కేక వినిపించేది. "దుర్గా, గుప్పెడు వడ్లు!" పెంటపాడు నుంచి మరిది పంపే విత్తనాల్లోంచి తీసిచ్చేదాన్ని. వడ్లూ సబ్బునీళ్ళూ ట్యాంకులో పోసి, చంటిపిల్లని ఊపినట్టు ఊపేవారు. మిగతావాళ్ళు బోల్టులూ నట్లూ వేస్తారట. ఇనుము లోపలంతా గీరేస్తుందనీ, వడ్లయితే మడ్డిని రాల్చి గీత పడకుండా వదిలేస్తాయనీ ఆయన వాదన.

కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, సామాన్ల గదిలో తలుపు మూసుకుని, వైరుకి కట్టిన చిన్న బల్బు ట్యాంకులోకి దింపేవారు. కోడిగుడ్డుని దీపానికి అడ్డం పెట్టినట్టు చూసేవారు. పల్చటి చోట వెలుగు ఎక్కువ కనిపిస్తుంది. అది అయ్యాక బయటంతా సుద్ద పూసి, సగం పెట్రోలు పోసి, తువ్వాలు కప్పి రాత్రంతా వరండాలో ఉంచేవారు. తెల్లారి సుద్ద మీద మరక ఉంటే ట్యాంకు పనికిరాదు. వానాకాలం మాత్రం సుద్దంతా చెమ్మగిల్లిపోయి మరకేదో చెమ్మేదో తేలదు. అప్పుడిక తువ్వాలు వాసన చూడాల్సిందే. ఆయన పోయిన వారమూ ముసురే.

కొన్నేళ్ళుగా ఆ వాసన చూడటం నా వంతయింది. "మీకు ముక్కు లేదా?" అని ఓసారి దెప్పాను.

"నాది రోజంతా పెట్రోల్లో మునిగే ముక్కోయ్. దానికన్నీ ఒకటే."

నిజమే కాబోలనుకున్నాను. మధ్యాహ్నం భోజనానికొస్తే కూర ఎలా ఉందని అడిగేదాన్ని. "పోపు వాసన వీధి మలుపులోనే పట్టేశాను" అనేవారు. రోజూ అదే మాట. కొత్తగా ఏదైనా చెప్పమని పోట్లాడేదాన్ని.

పెద్దకర్మ అయిన మూడో రోజున నెల్సన్ వచ్చాడు. మండవల్లి దగ్గర చేపల చెరువుల్లో పని చేస్తాడు. ట్యాంకు అతనిదే. రోజూ పొద్దున్నే తన కూతురు చాందినిని బండి ముందు, ఆ ట్యాంకు మీదే కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తాడు. "ముందు పిల్ల కూర్చుంటుంది, తొందరపెట్టకు" అని మా ఆయన వారం రోజులు దాన్ని తన దగ్గరే ఉంచుకున్నారు.

నెల్సన్ గుమ్మం దగ్గరే ఆగాడు.

"అమ్మగారండీ, ఇలాంటప్పుడు అడగకూడదు గానండీ..."

"ట్యాంకేగా నాయనా, తీసుకెళ్ళు. వరండాలోనే ఉంది."

"ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేశారండి. బాగానే ఉంది, వచ్చి పట్టుకెళ్ళు, పిల్లని ధైర్యంగా ఎక్కించుకో అన్నారండి."

ఆ మాట వినగానే నాకా రెండు పేజీలు గుర్తొచ్చాయి.

"ఉండు" అని నేనే వెళ్ళి తువ్వాలు తీశాను. ఈసారి రెండు చేతులతో ముఖానికి ఆనించుకుని పీల్చాను. పెట్రోలు. ట్యాంకు ఎత్తి చూస్తే, ఇత్తడి మర పక్కన, ఇప్పుడు ఆరిన సుద్ద మీద కందిగింజంత మరక. నెల్సన్ దాని మీద వేలు పెట్టి, ఆ వేలు వాసన చూసి నా వంక చూశాడు.

"ఇది బిగించకు నెల్సన్. వేరేది చూసుకో. తప్పు నాదే, ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు."

"ఊరుకోండమ్మగారూ, మీరేం చేస్తారు."

"ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి, పోపు వాసన వీధి మలుపులోనే పట్టేవారు కదా. నేను చూడకపోయినా, ఆ తువ్వాలు చేతిలో ఉన్న ఆయనకైనా తెలియాలి కదయ్యా?"

నెల్సన్ నా చేతిలోంచి ట్యాంకు తీసుకుని నెమ్మదిగా కింద పెట్టాడు.

"గురువుగారికి వాసన తెలీదు కదండీ. కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ అంతేనండి. ఓసారి షాపులో పెట్రోలు డబ్బా ఒలికిపోతే, నేను అరిచేదాకా ఆయనకి తెలీలేదండి. ఇంట్లో చెప్పారాండీ అని అప్పుడే అడిగాను. చెబితే మీరు కూర ఎలా ఉందని అడగడం మానేస్తారన్నారండి. తర్వాతైనా చెప్పుంటారనుకున్నాను."