విసుర్రాయి మీద సరిగమలు

నీలమ్మ మొదటి శిష్యురాలు చంద్రమ్మ వచ్చీ రాగానే హార్మోనియం మీద కూర్చుంది. దుప్పటి కప్పిన పెట్టెను పీట అనుకుంది. పీట గుయ్యిమన్నది. చంద్రమ్మ లేచి, దానికి దండం పెట్టి, గోడకు ఆనుకొని నిలబడింది. ఆ రోజుకు సంగీతం అంతే.

నీలమ్మ పుట్టిల్లు షోలాపూర్. అంటే ఇంగ్లీషువాళ్ల ఇలాకా. 1941లో పెళ్లయి నిజాం ఇలాకాలోని నారాయణఖేడ్‌కు వచ్చింది. ఇంట్లోనే పాట నేర్పుతానంటే ఊరు "పరదేశి పిల్ల" అని ముసిముసిగా నవ్వింది. హార్మోనియం ఆమె అన్న కిష్టప్పది. దసరాలోపు అయిదుగురు శిష్యులు కుదరకపోతే పెట్టెను తీసుకుపోతానన్నాడు. పుట్టింటి నుంచి ఆమెకు తోడొచ్చింది ఆ పెట్టె ఒక్కటే.

ముగ్గురు కుదిరారు. ముగ్గురూ చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చునేవారు. "స" అనమంటే తలలు వంచేవారు.

"ఏంది, గొంతులు ఇంట్ల మరిచొచ్చిన్రా?" అని అడిగింది నీలమ్మ.

"ఖాళీ చేతులతోని పాట ఎట్లొస్తదక్కా?" అన్నది చంద్రమ్మ.

నీలమ్మ దాన్ని సాకు అనుకున్నది.

మరునాడు తెల్లవారుతుండగా పక్కింట్లో విసుర్రాయి తిరుగుతున్నది. చంద్రమ్మ పాడుతున్నది. గొంతు గోడ దాటి వస్తున్నది, తాళం వెంట్రుకవాసి తప్పడం లేదు.

ఆ పూటే నీలమ్మ తన విసుర్రాయిని ముందుగదిలోకి దొర్లించింది. "రేపు జొన్నలు తెచ్చుకోండ్రి" అని శిష్యురాళ్లకు కబురు పెట్టింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని రాయి తిప్పాలి, చుట్టుకొక స్వరం పలకాలి. వెళ్లేటప్పుడు గురువుకు దోసెడు పిండి. ఇంటి పనీ అవుతుంది, పాటా వస్తుంది, ఇక ఏ అత్త కాదంటుంది? ఆ వాడలోని అత్త బసమ్మ అయితే కోడలిని పంపడం కాదు, కోడలి వెంట తానే వచ్చి కూర్చుంది.

దసరా ముందురోజు కిష్టప్ప బండి కట్టుకొని, పెట్టె కట్టడానికి తాడు పట్టుకొని దిగాడు. లోపల తొమ్మండుగురు ఆడవాళ్లు ఒక్క గొంతుతో పై స్థాయి "స" అందుకున్నారు. కాసేపు విని, తాడు చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"బండి ఖాళీగ పోవుడెందుకు, ఏమన్న కావాల్నా చెల్లె?"

"ఇంకో విసుర్రాయి తేపో అన్నా."

అంతలో చంద్రమ్మ మొగుడు శంకరప్ప వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏంది నీలమ్మా, మా ఆమె పాట ధ్యాసల పడి పిండి బరకగ విసురుతున్నది. రొట్టె తట్టవోతే ఇరుగుతున్నది. గిట్లయితే రేపటి సంది పంపను."

"అయితే రేపటి సంది నువ్వు విసురు శంకరప్పా, ఆమె పాడుతది."