సండే స్కూలు హాల్లో మా దవాఖానా

తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో మా చర్చి ఉంది. దాని పక్కన రేకుల కప్పుతో సండే స్కూలు హాలు. ఈమధ్య గోడలకు కొత్త రంగు వేశారు, ఫ్యాన్లు మార్చారు. ఆదివారం పూట పిల్లలు లోపల పాటలు నేర్చుకుంటూ ఉంటే నేను గుమ్మం దగ్గర కాసేపు ఆగిపోతాను. ఒకప్పుడు అక్కడ గోడ పొడవునా పరుపులు పరిచి ఉండేవని, కిటికీ ఊచలకు పసివాళ్ళ గుడ్డలు ఆరేసి ఉండేవని ఆ పిల్లలకు తెలియదు. నాకు మాత్రం ఆ రంగు కింద పాత గోడే కనిపిస్తుంది.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. నర్సు ట్రైనింగ్ అయ్యాక పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చి, యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో చేరాను. ఉద్యోగమంతా హాస్టల్ పిల్లల జ్వరాలతోనూ, ఆటస్థలంలో బెణికిన కాళ్ళతోనూ, పరీక్షల ముందు వచ్చే కడుపునొప్పులతోనూ గడిచింది. ఇక రిటైరవ్వబోతున్నాననగా ఈశాన్యంలోని ఒక రాష్ట్రంలో రెండు జాతుల మధ్య తుపాకుల పోరు మొదలైంది. ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. మా క్యాంపస్‌లో చదువుకుంటున్న అక్కడి పిల్లలు ఇంటివాళ్ళను ఎలాగోలా ఇక్కడికి రప్పించుకున్నారు. హాస్టల్ గదుల్లో పెట్టుకోవడానికి లేదు. అద్దెకిచ్చేవాళ్ళు లేరు. పాస్టరుగారు హాలు తలుపులు తెరిచారు. మర్నాడు నాకు ఫోన్ చేశారు.

"సిస్టర్ గారూ, చోటైతే ఇచ్చాను. రోగాలు రొష్టులు నాకేం తెలుస్తాయి? మీరు చూసుకోవాలమ్మా" అన్నారు.

సరేనన్నాను. వెళ్ళి చూశాను. బీపీ మాత్రలు ఇంట్లోనే వదిలేసి పరిగెత్తిన పెద్దవాళ్ళు. టీకాలు ఎంతవరకు పడ్డాయో తల్లులకే గుర్తులేని పసివాళ్ళు. చలిజ్వరంతో వణుకుతున్న మనిషి. ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా నిద్రపట్టని ఆడవాళ్ళయితే ఎంతమందో. తలుపు చప్పుడైతే చాలు, లేచి కూర్చునేవారు.

అప్పటినుంచి నా రోజు రెండు ముక్కలైంది. పగలు ఉద్యోగం, సాయంత్రం హాలు. ఎవరిని ఏ ఆసుపత్రికి పంపాలో, వెంట ఎవరు వెళ్ళాలో, ఎవరి మాత్రలు అయిపోవస్తున్నాయో చూసుకోవడమే నా పని. సండే స్కూలు నల్లబల్ల మీద సుద్దముక్కతో బొమ్మలు గీసేదాన్ని. పొద్దున వేసుకునే మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు. నా సూర్యుణ్ణి చూసి అక్కడి పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఒకరోజు వాళ్ళే దానికి మీసాలు పెట్టారు.

మౌలాలి వైపు ఉన్న బస్తీ దవాఖానాలో ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. సిద్దిపేట దిక్కు రైతుబిడ్డ. మొదటిసారి మావాళ్ళను ఆటోల్లో తీసుకెళ్ళినప్పుడు, "వీళ్ళ దగ్గర ఏ కాగితాలూ లేవు డాక్టర్ గారూ" అన్నాను బెరుగ్గా.

"గదేంది సిస్టర్! ఇల్లు కాలినోళ్ళు కాగితాలు యాడికెల్లి తెస్తరు?" అన్నాడు. "మీరు పంపుండ్రి, నేను చూస్త. బీపీ ఉన్నదా లేదా అని ఆధార్‌ను అడుగుతమా ఏంది?"

ఆ మాటకు నాకు కొండంత బరువు దిగింది.

హాల్లో వాళ్ళకు మన సాంబారు పడేది కాదు. మొహమాటానికి రెండు ముద్దలు తిని పక్కన పెట్టేవారు. ఒకసారి ఊరి నుంచి మా అక్క పంపిన ఎండురొయ్యల పొట్లం నా సంచిలోనే ఉండిపోయింది. పక్కన కూర్చున్న ముసలావిడ ముక్కు ఎగబీల్చి, నన్ను చూసి, మెల్లగా సంచి మీద చెయ్యి వేసింది. పొట్లం తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ ఆదివారం వాళ్ళే పచ్చిమిరపకాయలు దంచి, ఆకుకూరతో ఎండురొయ్యలు ఉడికించారు. ఆ ఘాటు సందంతా వ్యాపించింది. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా గిది! మూడో అంతస్తోళ్ళు కిటికీలు బంద్ చేస్కుంటున్నరు!"

"ఒక ముద్ద తిని చూడు, తర్వాత అరుద్దువుగానీ" అన్నాను.

తిన్నాడు. తర్వాతి ఆదివారం గిన్నె పట్టుకుని తనే వచ్చాడు.

భాష విషయంలో నాకు ఆసరా ఒక పరిశోధక విద్యార్థిని. జువాలజీలో పీహెచ్‌డీ చేస్తుండేది. వాళ్ళమ్మా, చిన్నాన్నా ఆ హాల్లోనే ఉండేవారు. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడుండి హాస్టల్ మెస్‌లో తెలుగు నేర్చుకుంది. వంటాయన్ని "అన్నా, జర్ర చారు ఎయ్యవా" అని అడిగే పిల్ల. ఎవరికి ఏం నొప్పో ఓపిగ్గా విని, నాకు చెప్పేది.

అదే హాల్లో ఒక గర్భిణి ఉండేది. నెలలు నిండుతున్నాయి. ఎప్పుడూ చెప్పుల గూడు పక్కన, గోడకు ఆనుకుని కూర్చునేది. అత్తగారు ముందు కోడలికి పెట్టి తర్వాత తను తినేది. మిగతావాళ్ళు మాత్రం ఆ వైపు వెళ్ళేవారు కాదు. భర్త ఊరికి కాపలాగా అక్కడే ఉండిపోయాడని, ఫోన్లు సరిగా కలవడం లేదని విన్నాను. దిగులుతో ఉంది కాబోలు, అందుకే వీళ్ళు కదిలించడం లేదు అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే ఆమె పాదాలు పొంగి ఉండటం చూసి, ఎలా ఉందని అడిగించాను. ఆమె చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. జువాలజీ అమ్మాయి అంతా విని, "తలనొప్పంట సిస్టర్" అంది.

"అంతేనా?"

"అంతే."

మాత్రలు తేవడానికి ఇద్దరం క్యాంపస్‌కు బయల్దేరాం. రాతితో కట్టిన పెద్ద కాలేజీ భవనం వెనక దారిలో గుండ్రాళ్ళ మధ్య నెమలి ఒకటి అరుస్తోంది. నాకు మనసులో ఏదో తొలుస్తూనే ఉంది. ఆగిపోయాను.

"అమ్మా, ఆమె అంతసేపు మాట్లాడింది. నువ్వు ఒక్క ముక్కే చెప్పావు. మిగతాది ఏమైంది?"

ఆ పిల్ల తలొంచుకుంది. పక్కనున్న బండ మీద కూలబడింది.

"ఆమె మావాళ్ళ మనిషి కాదు సిస్టర్. అటువాళ్ళు. మావాణ్ణి ప్రేమించి చేసుకుంది. టౌన్‌లో వేరే ఉండేవాళ్ళు. గొడవలప్పుడు మా వైపు పారిపోయి వచ్చిన్రు. ఆమె భాష నాకు మంచిగ వస్తది. స్కూల్లో చదువుకున్న. కానీ ఇప్పుడు ఆ మాటలు చెవిన పడితే మా చిన్నాన్న ఇల్లు కాలుతున్న వీడియోనే కనబడుతది. సగం వింట, సగం వినను."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. కోప్పడాలనిపించలేదు. "ఇవాళ విన్న సగంలో ఇంకా ఏమన్నా ఉందా తల్లీ?" అని మాత్రం అడిగాను.

"కళ్ళ ముందు మిణుగురులు ఎగిరినట్టు అయితుందంది. పొట్ట పైన నొప్పి అంది."

కాన్పు దగ్గరపడ్డ మనిషికి పాదాలు పొంగి, తలనొప్పితో పాటు కళ్ళ ముందు మెరుపులు వస్తున్నాయంటే ఏ క్షణాన్నయినా ఫిట్స్ రావచ్చు. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. మాత్రల సంగతి వదిలేసి ఆటో ఎక్కి హాలుకు తిరిగొచ్చాం. బీపీ చూస్తే నేను భయపడినంతా ఉంది. అంబులెన్స్ పిలిచాం. అది వచ్చేలోపు జువాలజీ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"లేబర్ రూమ్‌లో ఆమెతోని ఎవరు మాట్లాడుతరు? నా వల్ల కాదు సిస్టర్, ఒక్క మాట అడుగుడే కష్టమైతుంది. లా చదివే అమ్మాయి ఒకతి ఉన్నది. అటువాళ్ళ పిల్ల. హాస్టల్ల నా పక్క రూమే. గొడవలైనంక రూమ్ ఖాళీ చేసి పోయింది. అప్పటి సంది మాటల్లేవు." నంబర్ తీసి, ఫోన్ నా చేతికిచ్చి, ముఖం అటు తిప్పుకుంది.

నేను మాట్లాడాను. ఎవరు, ఎక్కడ, ఏమిటి అని లా అమ్మాయి ఒక్క ప్రశ్న వేయలేదు. మేము పెద్దాసుపత్రికి చేరేసరికి నల్లకోటుతో, క్లాసు నుంచి సరాసరి వచ్చినట్టుంది, గేటు దగ్గర నిలబడి ఉంది. గర్భిణి చెవి దగ్గర వంగి వాళ్ళ భాషలో ఏదో అంది. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న ఆ మనిషి, ఒక్కసారిగా బావురుమంది. ఎన్నాళ్ళయిందో తన భాషలో ఎవరైనా ఆప్యాయంగా పలకరించి!

ఫిట్స్ రాకుండా ఇంజక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. లోపలికి లా అమ్మాయినీ, నర్సునని నన్నూ రానిచ్చారు. బయట వరండాలో అత్తగారు, జువాలజీ అమ్మాయి. బక్కపలచని ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. డాక్టరమ్మ పాదం మీద తట్టింది, మళ్ళీ తట్టింది. తర్వాత పిల్లి కూన కూసినట్టు సన్నగా ఏడ్చింది.

తెలివి వచ్చాక తల్లి పాపను తడిమి చూసుకుని, లా అమ్మాయితో ఏదో చెప్పింది. అత్తగారికి చెప్పమట. అక్కడొచ్చింది చిక్కు. కోడలి భాష అత్తకు రాదు. ఇన్నాళ్ళూ కొడుకే మధ్యలో ఉండి ఇద్దరికీ మాట అందించేవాడు. లా అమ్మాయికి అత్తగారి భాష రాదు. వరండాలోకి వచ్చి, జువాలజీ అమ్మాయి ఎదురుగా నిలబడింది. నెలల తరబడి మాట్లాడుకోని ఇద్దరు స్నేహితురాళ్ళు.

"చెవులు," అంది లా అమ్మాయి ఇంగ్లీషులో. "పాప చెవులు అచ్చం మీ అబ్బాయివేనని చెప్పమంటోంది. బయటికి తోసుకొచ్చినట్టున్నాయట."

జువాలజీ అమ్మాయి అత్తగారి వైపు తిరిగి చెప్పింది. ఆ ముసలావిడ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తిరిగి ఏదో అంది. ఈసారి జువాలజీ అమ్మాయే లా అమ్మాయికి చెప్పింది: "వాడి చెవులు పట్టి లాగింది తనేనట. పిల్లవి మాత్రం ఎవర్నీ లాగనివ్వదట." ఆ కబురు మోసుకుని లా అమ్మాయి లోపలికి వెళ్ళింది. అలా మాట అటూ ఇటూ నడుస్తూ ఉంటే నేను గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం ముగ్గురం ఒకే ఆటోలో తిరిగొచ్చాం. నేను మధ్యలో, చెరో పక్కన వాళ్ళిద్దరూ. తార్నాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లా అమ్మాయి బయటికి చూస్తూనే అడిగింది.

"ఆదివారం మెస్‌లో చికెన్ పెడుతున్నారా ఇంకా?"

"పెడుతున్నారు. ముక్కలు చిన్నవయ్యాయి."

అంతే. వాళ్ళు మళ్ళీ మునుపటిలా కలిసిపోయారని చెప్పలేను. కాలిన ఇళ్ళు ఇద్దరి వైపూ ఉన్నాయి. కానీ ఆ తర్వాత లా అమ్మాయి వారం వారం హాలుకు వచ్చి, బాలింత పక్కన కూర్చునేది. ఇద్దరూ వంతులు మాట్లాడుకుని తల్లీబిడ్డల్ని ఆసుపత్రికి తిప్పారు. కొన్నాళ్ళకు చెప్పుల గూడు పక్కకు మిగతా ఆడవాళ్ళు కూడా జరిగారు. ముందు పాపను ఎత్తుకోవడానికి, తర్వాత ఊరికే.

నేను రిటైరయ్యాను. కుటుంబాలు ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి. కొందరు సొంత రాష్ట్రంలోని శిబిరాలకు, కొందరు వేరే ఊళ్ళకు. పాప తండ్రి వచ్చి, మౌలాలిలో దర్గా గుట్ట కింద గది తీసుకుని కొన్నాళ్ళు పనిచేశాడు. అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. పక్కింటి పిల్లలతో ఆడీ ఆడీ, పాపకు ముందు వచ్చింది మన తెలుగే. అన్నం పెడితే "నాకొద్దు పో" అనేది. అటు తల్లి భాషా ఇటు నాయనమ్మ భాషా కాని ఆ మాటకు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. తర్వాత అతనికి వేరే రాష్ట్రంలో పని దొరికింది. మల్కాజ్‌గిరి స్టేషన్‌కు వెళ్ళి రైలెక్కించి వచ్చాను. కిటికీలోంచి పాప నాయనమ్మ నా చెయ్యి చాలాసేపు వదల్లేదు. మా మధ్య ఒక్క భాషా లేదు, మాట చేరవేసే మనిషీ లేదు. అవసరం పడలేదు కూడా.

ఇప్పుడు నా సాయంత్రాలకు పనేమీ లేదు. క్యాంపస్‌లో నడిచి, ఇంటికొచ్చి టీ పెట్టుకుంటాను. అలా ఇల్లు వదిలి రావాల్సిన పరిస్థితి మళ్ళీ ఎప్పుడూ, ఎవరికీ రాకూడదు. అయినా, నా చేతులు తీరిక లేకుండా ఉన్న ఆ రోజులు, హాలంతా కమ్ముకున్న ఆ ఎండురొయ్యల ఘాటు, తలుపు తీయగానే అందరూ ఒకేసారి "సిస్టర్!" అనే పిలుపు, ఇవన్నీ తలుచుకుంటే కప్పులో టీ చల్లారిపోతుంది.